పదహారు వరుసల పిల్ల

రోసాందా కన్నా ముందు ఆమె చేతులు ముసలివయ్యాయి. అరవై ఏళ్ల ముఖంలో ఇంకా కొంత నిగారింపు ఉంది. వేళ్లు మాత్రం ఎండిన ద్రాక్షతీగల్లా వంకర తిరిగాయి.

తొమ్మిదో ఏట ఆమెను మగ్గం ముందు కూర్చోబెట్టారు. అంతకుముందు రెండేళ్లు స్తారా ప్లానినా కొండ మీద గొర్రెలు కాసింది. తండ్రి కాలు విరిగింది. గొర్రెల్ని అమ్మేశారు. పిల్ల పిరోత్ పట్నానికి వచ్చింది. తోడేలును చూసినదాన్ని, దారానికి భయపడతానా అనుకుంది. మొదటి రోజే వేళ్లు తెగి ఏడ్చింది. పక్కన కూర్చున్న కలీనా, పదమూడేళ్ల పిల్ల, ఆ వేళ్లకు గొర్రె కొవ్వు రాసింది.

ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఇద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని తివాచీలు నేశారు. కుడి సగం ఒకరిది, ఎడమ సగం ఒకరిది. నడిమధ్యలో తాబేలు నమూనా వస్తే దాని తలలో సగం ఈమె వేలి కింద ఉండేది, సగం ఆమె వేలి కింద. ఒక్క పోగు తప్పేది కాదు. కాగితం ఉండేది కాదు. లెక్క నోట్లో ఉండేది. తాబేళ్లు నేశారు, పక్షులు నేశారు, పూలు నేశారు. మనిషిని నెయ్యమని ఎవరూ అడగలేదు. వాళ్లకూ తోచలేదు.

కలీనా పోయి నాలుగేళ్లయింది. బడి వదిలాక బల్ల మీద ఆ చోట ఇస్క్రా కూర్చునేది. ఇస్క్రా రోసాందా కూతురి కూతురు, పదేళ్లది. తల్లికి రబ్బరు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. అందుకని సాయంత్రాలు పిల్ల అమ్మమ్మది.

నిజానికి సాయంత్రాల్లో సగం కింది గదిది. ఆ గదిలో అద్దెకుండే బోరివొయె బడిలో లెక్కల మాష్టారు, ఉత్తరాన మైదానం నుంచి వచ్చినవాడు. అతని దగ్గర పుస్తకమంత నల్లటి కంప్యూటరు ఉండేది. దానికి రబ్బరు మీటలు. రబ్బరు ఫ్యాక్టరీ ఉన్న ఊరికి బయటినుంచి రబ్బరు మోసుకొచ్చిన మొదటి మనిషివి నువ్వేనయ్యా అని ఊళ్లో నవ్వేవారు. నిష్ నగరంలో ఒక రేడియో కేంద్రం శనివారం సాయంత్రాల్లో కంప్యూటరు ఆటల్ని గాలిలోకి వదిలేది. ఆటంటే మాటలు కావు, పాట కాదు. ఐదు నిమిషాల కీచు, మిడతల దండు పోతున్నట్టు. ఆ కీచును టేపు మీద పట్టుకుని కంప్యూటరుకు వినిపిస్తే ఆట లేచి కూర్చునేది.

ఆ ఏడు, అంటే పందొమ్మిది వందల ఎనభై ఆరులో, మాష్టారు తానే ఒక ఆట రాశాడు. కొండ మీద తప్పిపోయిన ఎనిమిది గొర్రెపిల్లల్ని కాపరి ఏరుకుంటూ పైకి వెళ్లాలి. తోడేళ్లు వస్తాయి, రాళ్లు దొర్లుతాయి. రేడియో వాళ్లు అక్టోబరు మొదటి శనివారం ఇచ్చారు. అది తప్పితే మళ్లీ వసంతంలోనే చోటు. టేపు శుక్రవారం నిష్ వెళ్లే నాలుగు గంటల బస్సుకు అందాలి.

బుధవారం ఇస్క్రా ముఖం ముడుచుకుని మెట్లెక్కి వచ్చింది. రోసాందా వసారాలో రేకు పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. ఊరంతా అదే పని, అదే వాసన.

"ఏమైందే? తోడేలు తినేసిందా?"

"లేదమ్మమ్మా. గెలిచాను."

"గెలిస్తే ఆ మొహమేంటి?"

"పైన ఒకమ్మాయి నిలబడుంది."

"మంచిదేగా."

"కదలదు. అన్ని మీటలూ నొక్కాను. కదలదు."

రోసాందా మిరపకాయ తిప్పింది. వేళ్లకు వేడి తెలిసి చాలా ఏళ్లయింది.

"ఇంతకు ముందు ఆటల్లో?"

"వాటిల్లో అసలు లేరు. అందరూ అబ్బాయిలే. ఒకదాంట్లో గుడ్డు కూడా ఉంది. గుడ్డు నడుస్తుంది, గెంతుతుంది. అమ్మాయి లేదు."

"గుడ్డా?"

"కాళ్లున్న గుడ్డు."

రోసాందా నవ్వబోయి ఆగింది. పిల్ల నవ్వడం లేదు. కొండ గుర్తొచ్చింది. తెల్లారే మంచులో ఏడేళ్ల పిల్ల చేతిలో కర్ర, ముందు పదమూడు గొర్రెలు.

"ఉండు. నీకు అమ్మాయి నడుస్తుంది," అంది. అన్నాక మాట నోరు దాటిపోయిందని తెలిసింది. ఆమె పుట్టిన కొండ మీద మాటంటే మూతి కట్టిన మూట. మళ్లీ విప్పరు.

గిన్నెలో నాలుగు మిరపకాయలు, ఒక సాసేజు ముక్క వేసుకుని కిందికి దిగింది.

బోరివొయె తల దువ్వుకోలేదు. గది నిండా కాగితాలు.

"రండి పిన్నీ. వాసనకే కడుపు నిండింది."

"నిండితే వెనక్కి పట్టుకెళ్తా."

"అయ్యో, పొదుపరి పిరోత్ వాళ్ల దగ్గర మర్యాదకు కూడా మాట జారకూడదు," అని గిన్నె లాక్కున్నాడు.

ఆమె తెర ముందు కూర్చుంది. కాపరి నడుస్తున్నాడు. చిన్న చిన్న చదరాలు పేర్చి చేసిన మనిషి. ఆమె కళ్లు తెలియకుండానే లెక్కపెట్టాయి. పదహారు వరుసలు. వరుసకు పదహారు గళ్లు.

"పైన నిలబడ్డ అమ్మాయి ఏం చేస్తుంది బోరా?"

"ఎదురుచూస్తుంది."

"దేనికి?"

"కాపరి కోసం. ఆమే గెలుపు. బహుమతి లాంటిది పిన్నీ."

"గొర్రెలు తప్పిపోతే పైన నిలబడి చూస్తుందా? దిగిరాదూ?"

అతను నమలడం ఆపాడు. "ఆటల్లో అలాగే ఉంటుంది."

"కొండ మీద అలా ఉండదు. నేను కాశాను. తోడేలు వస్తే మా అన్న చెట్టెక్కాడు. కర్ర నా చేతిలోనే ఉంది."

"మీరు వేరు."

"అవును. నేను వేరు, కలీనా వేరు, మా అమ్మ వేరు. అందరం వేరే అయితే మరి నిలబడేది ఎవర్రా?"

ఇస్క్రా తలుపు దగ్గర నోరు మూసుకుని నవ్వింది. మాష్టారు పెన్సిలు చెవికి పెట్టుకున్నాడు. కోపం రాలేదు. ఆ గుణానికి ఆమె ఎప్పుడూ అతన్ని మెచ్చుకునేది.

"నాకూ ఇష్టమే పిన్నీ. చోటు లేదు. ఈ డబ్బాలో గదులు లెక్కకు ఉంటాయి. గదికొక సంఖ్య. కాపరి నడవడానికి, గెంతడానికి, అటు తిరగడానికి ఎనిమిది బొమ్మలు కావాలి. బొమ్మకు ముప్పై రెండు గదులు. అమ్మాయి నడవాలంటే ఇంకో ఎనిమిది బొమ్మలు. రెండువందల యాభై ఆరు గదులు."

"ఖాళీగా ఎన్నున్నాయి?"

"ఇరవై తొమ్మిది."

"పైన నిలబడ్డదానికి ఎన్ని?"

"ముప్పై రెండు."

"ఊరికే నిలబడటానికి ముప్పై రెండు గదులు," అంది రోసాందా. "మా ఊళ్లో కొత్త కోడలికి కూడా అంత ఇవ్వరు. దించు దాన్ని."

"దించితే అరవై ఒకటి. అయినా చాలదు."

"నువ్వు మైదానం వాడివి. మీ దగ్గర నేల ఎక్కువ, అందుకే లెక్క తక్కువ. వాణ్ణి నడిపించు చూద్దాం. మెల్లగా."

అతను నడిపించాడు. అడుగు, ఆగు. అడుగు, ఆగు. ఆమె తెరకు వేలు ఆనించింది.

"తల కదలడం లేదు. భుజాలు కదలడం లేదు. కింద పిక్కలు మాత్రం కదులుతున్నాయి. పిక్కలు ఎవరివైనా ఒకటే. తల రెండు వరుసలు మార్చు, జడ వస్తుంది. నడుం కింద మూడు వరుసలు మార్చు, గౌను వస్తుంది. మిగతాదంతా వాడిదే తీసుకో. తివాచీలో మేము పక్షిని తాబేలు చేసేది అలాగే. కొత్తగా నెయ్యం, నాలుగు వరుసలు మారుస్తాం."

బోరివొయె కాగితం మీద రాశాడు. ఐదు వరుసలు. వరుసకు రెండు సంఖ్యలు. కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి. ఇరవై. వాటిని కాపరి మీద తొడిగే పనికి ఇంకో ముప్పై నాలుగు. యాభై నాలుగు. మళ్లీ కూడాడు. యాభై నాలుగే.

"పిన్నీ," అన్నాడు. "పదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను."

"చెప్పు నాయనా, ఎవరొద్దన్నారు. పిల్లకి వరుసలు రేపు ఇస్తాను."

గురువారం సాయంత్రం ఆమె మగ్గం ముందు కూర్చుంది. కాగితం మీద గియ్యమంటే చేత కాదు. పడుగు మీద వేలు పెడితేనే లెక్క వస్తుంది. ఇస్క్రా కలీనా చోట కూర్చుని గళ్ల పుస్తకం తెరిచింది.

"రాసుకో. నాలుగు ఖాళీ, ఎనిమిది నిండు, నాలుగు ఖాళీ. రెండోది, ఐదు ఖాళీ, ఆరు నిండు, ఐదు ఖాళీ."

ఐదు వరుసలూ చెప్పింది. నాలుగో వరుసలో జడ దగ్గర ఆగింది. కొండ మీద తన జడ ఎటు వేలాడేదో గుర్తు తెచ్చుకుంది. గాలి ఎప్పుడూ వెనకనుంచే. రెండు గళ్లు పక్కకు జరిపింది. ఇస్క్రా నాలుక బయటపెట్టి గళ్లు నింపింది. పుస్తకం మాష్టారికి వెళ్లింది. అతను వాటిని సంఖ్యలు చేశాడు.

శుక్రవారం మూడు గంటలకు కింది గదినుంచి ఒక కేక, తర్వాత నవ్వు, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి రోసాందా కిందికి దిగింది.

తెర మీద ఒక వస్తువు నడుస్తోంది. నెత్తిన గొడుగు. నడుం వెనక తోక.

"ఇదేంటి?" అంది.

"మన అమ్మాయి," అన్నాడు బోరివొయె. అతనికి నవ్వు రావడం లేదు. గడియారం చూశాడు. "పిన్నీ, సంఖ్యలన్నీ మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు. పనే తప్పేమో. కాపరి మీద తొడిగే చోటే ఎక్కడో పొరపాటు. వెతకాలంటే రెండు రోజులు కావాలి. పాతదే పంపిస్తాను. అది నడుస్తుంది."

ఇస్క్రా తెర మీది తోకను చూస్తోంది. కింది పెదవి పళ్ల కింద ఉంది. ఆమె తల్లి కూడా చిన్నప్పుడు ఏడుపును అలాగే పట్టుకునేది.

"పుస్తకం ఇలా ఇవ్వు," అంది రోసాందా.

గళ్ల పుస్తకం చూసింది. మొదటి గీత మీద ఎనిమిది నిండు. గౌను అంచు. అది పేజీకి పైన ఉంది. చివరి గీత మీద తల.

ఆమె మంచం మీద కూలబడింది. "పిచ్చిదాన్ని," అంది. "ముసలి పిచ్చిదాన్ని."

"ఏమైంది పిన్నీ?"

"మేము కిందనుంచి నేస్తాం. యాభై ఏళ్లుగా కిందనుంచి పైకి నేస్తున్నాను. మొదటి వరుస అంటే నాకు కాళ్ల వైపు వరుస. ఇది బడిపిల్ల, పైనుంచి కిందికి రాసింది. నువ్వు అలాగే ఎక్కించావు. గౌను నెత్తి మీదికి పోయింది, జడ తోకైంది. నీ పనిలో తప్పు లేదు."

బోరివొయె పుస్తకం తలకిందులు చెయ్యబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుంది.

"అలా కాదు. అలా తిప్పితే కుడి ఎడమవుతుంది, జడ గాలికి ఎదురు ఎగురుతుంది. వరుసల్ని మాత్రం కిందనుంచి చదువు. ఇస్క్రా, నువ్వు చదవవే. కిందనుంచి."

ఇస్క్రా చదివింది. బోరివొయె సంఖ్యలు కొట్టాడు. ఇరవై సంఖ్యలు. రబ్బరు మీటలు తడి మట్టి మీద అడుగుల్లా చప్పుడు చేశాయి. మూడూ ఇరవైకి మీట నొక్కాడు.

తెర మీద అమ్మాయి నిలబడింది. తర్వాత నడిచింది. జడ వెనక్కి ఎగిరింది. గౌను కింద కాపరి పిక్కలే, అయినా అవి ఇప్పుడు ఆమెవి. రాయి దొర్లివచ్చింది. గెంతింది.

"ఎవరు నడుపుతున్నారు?" అన్నాడు బోరివొయె, తన చేతులు ఒళ్లో ఉన్నాయని చూసుకుని.

మీటల మీద ఇస్క్రా వేళ్లు పరుగెత్తుతున్నాయి.

"చాలు చాలు, బస్సు!" అని అతను లాక్కున్నాడు. టేపు మీద ఎక్కించడానికి ఐదు నిమిషాలు. సరిగా ఎక్కిందో లేదో చూడటానికి ఇంకో ఐదు. అది ఎక్కుతుండగా కాగితం చూసి అన్నాడు, "ఏడు గదులు మిగిలాయి పిన్నీ. ఏం పెడదాం? మీ పేరు పెట్టనా?"

రోసాందా ఆలోచించింది. యాభై ఏళ్లలో ఏ తివాచీ మీదా ఆమె పేరు లేదు. కలీనా పేరూ లేదు. ఆ సంగతి ఇప్పటిదాకా ఎప్పుడూ బాధ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించలేదు. అడిగినందుకు మాత్రం గుండె నిండింది.

"వద్దు నాయనా. మూటకి మూతి వదలాలి. నిండా నింపితే కట్టడానికి ఏముంటుంది?"

"పిరోత్ వాళ్లు," అని అతను సైకిలెక్కాడు. డ్రైవరు బస్సు కదిలించబోతుండగా అందుకున్నాడట. ఏంటిది, మందా, ఉత్తరమా అని డ్రైవరు అడిగితే, గొర్రెలు అని చెప్పాడట.

శనివారం మధ్యాహ్నం ఇస్క్రా ఇంటింటికీ చీటీ పట్టుకుని తిరిగింది. ఆరు నుంచి ఆరున్నర దాకా ఇస్త్రీపెట్టె పెట్టవద్దు, మిక్సీ వెయ్యవద్దు. ఎక్కడ కరెంటు చిటుక్కుమన్నా ఆ చిటుకు రేడియోలో పడుతుంది, ఆట మొత్తం చెడుతుంది. ఆ వీధిలో పిల్లలున్న ఇళ్లన్నిటికీ ఈ సంగతి తెలుసు. పక్కింటి స్తమెన్‌కాకు పిల్లలు లేరు.

"కప్పల కూత వినడానికి నా ఇస్త్రీ ఆపాలా?" అని గోడ మీదుగా అరిచింది. "రేపు ఆదివారం, మా ఆయన నలిగిన చొక్కాతో చర్చికి పోవాలా?"

"మీ ఆయన చర్చికి పోయి ఎన్నాళ్లయింది స్తమెన్‌కా?" అంది రోసాందా.

"పోడు. కానీ చొక్కా ఉండాలిగా."

"అరగంట. మొన్న నీ మిరప పచ్చడి జాడీలన్నీ మా పొయ్యి మీదే కాచుకున్నావు."

"అదిగో, లెక్క తీసింది," అంది స్తమెన్‌కా. అని, ప్లగ్గు పీకేసి, కుర్చీ తెచ్చుకుని వీళ్ల వంటగదిలోనే కూర్చుంది.

మాష్టారు కంప్యూటరూ టేపూ పైకి తెచ్చి అక్కడే సిద్ధంగా పెట్టాడు. ఆరూ పదికి రేడియోలో మనిషి ఆట పేరు చెప్పాడు, రాసినవాడి పేరు చెప్పాడు. తర్వాత కాగితం చప్పుడు. "ఈసారి ఒక విశేషం. కాపరి అబ్బాయా, అమ్మాయా, మీరే ఎంచుకోవచ్చు," అన్నాడు. తర్వాత కీచు మొదలైంది. నలుగురూ ఊపిరి బిగబట్టారు. స్తమెన్‌కా తుమ్ము ఆపుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. తుమ్మితే ఏమీ కాదని, రేడియో నుంచి టేపుకు తీగలోనే పోతుంది కాబట్టి గదిలో చప్పుడు అందులో పడదని తర్వాత మాష్టారు చెప్పాడు. ముందే చెప్పొచ్చుగా అని ఆమె అతన్ని తిట్టింది.

రోసాందా కళ్లు మూసుకుని విన్నది. ఆ కీచులో ఎక్కడో ఆ ఐదు వరుసలు పోతున్నాయి. ఎక్కడో అర్థం కాలేదు. కొండ మీదుగా, లోయల మీదుగా, ఎవరెవరి వంటగదుల్లోకో పోతున్నాయి. నాలుగు ఖాళీ, ఎనిమిది నిండు. వేళ్లకు కొవ్వు రాసిన కలీనా గుర్తొచ్చింది. ఆ రోజు ఆ పిల్ల అలా రాయకపోతే రోసాందా కొండకు పారిపోయేది. లెక్క ఎవరు నేర్పేవారు?

టేపు తిప్పి కంప్యూటరుకు వినిపించారు. ఆట లేచింది. ఇస్క్రా ఎంచుకుంది. అమ్మాయి నడిచింది. తోడేలు వచ్చింది. ఇస్క్రా చచ్చిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. స్తమెన్‌కా తన వంతు అడిగింది, తోడేలు నోట్లోకే నడిపింది, ఇది మోసం అంది. ఏడున్నరకు ఇస్క్రా ఎనిమిదో గొర్రెపిల్లను పట్టుకుని కొండ పైకి చేరింది. పైన ఎవరూ లేరు. ఎనిమిది గొర్రెపిల్లలు వరుసగా నిలబడ్డాయి. అమ్మాయి వాటి పక్కన నిలబడింది.

ఇస్క్రా ఒక మీట నొక్కింది. అమ్మాయి గెంతింది.

"కదులుతోంది," అంది. లేచి వచ్చి అమ్మమ్మ ఒళ్లో తల పెట్టింది. పదేళ్లది, అంతకు ముందు ఏడాదే ఆ అలవాటు మానేసింది.

రెండు వారాల తర్వాత రేడియోలో మనిషి ఒక కార్డు చదివాడు. ఏదో పల్లెనుంచి ఒక పిల్ల రాసింది. మా తమ్ముడూ నేనూ ఇదివరకు వంతులు వేసుకునేవాళ్లం, ఇప్పుడు కొట్టుకుంటున్నాం, వాడికీ అమ్మాయే కావాలంటున్నాడు, జడ గాలికి ఎగురుతుందట, ఇంకో అమ్మాయిని పెట్టండి అని. బోరివొయె ఆ కార్డు తెప్పించుకుని మెట్లెక్కి వచ్చి రోసాందా చేతికిచ్చాడు. ఆమె దాన్ని మగ్గం పక్క గోడకు గుచ్చింది. చదవడానికి కళ్లజోడు కావాలి. అక్కడుందని తెలిస్తే చాలు.

ఆ సాయంత్రం ఆమె కొత్త తివాచీ మొదలుపెట్టింది. ఎవరూ అడిగింది కాదు. ఇస్క్రా కలీనా చోట కూర్చుంది. ఎరుపు మీద రెండు నల్లటి మచ్చలు లేచాయి. ఇంకో వరుస. చెక్క దువ్వెనతో పేక అణిచింది.

"ఇవేంటి అమ్మమ్మా?"

"కాళ్లు."

"ఎవరివి?"

"నీ పని నువ్వు చూసుకో. ఆ సగం నీది. రెండు ఖాళీ, ఒకటి నిండు."

ఇస్క్రా పోగు పట్టుకుంది. తప్పు పోగు. విప్పింది. మళ్లీ పట్టుకుంది. వేళ్లు అప్పుడే ఎర్రబడ్డాయి. రోసాందా లేచి అలమరలోంచి కొవ్వు గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

"మరి తల ఏది?"

"ఆగు," అంది రోసాందా. "వస్తుంది."